మెటల్‌కి ట్యూబ్ యాంప్ ఎంచుకోవడం: గెయిన్ కంటే ముందు బాస్ సంగతి చూడాలి

క్లుప్తంగా: హెవీ మెటల్ గిటార్‌లో వినిపించే గరుకుదనం, అంటే డిస్టార్షన్, దాదాపు అంతా యాంప్ (యాంప్లిఫయర్) మొదటి భాగమైన ప్రీయాంప్‌లోనే పుడుతుంది. పవర్ ట్యూబులు దాన్ని చెడగొట్టకుండా పెద్దది చేసి స్పీకర్‌కి అందిస్తే చాలు. కాబట్టి ఒక యాంప్ మెటల్‌కి పనికొస్తుందా అన్నది దాని వాట్లను బట్టో, పవర్ ట్యూబు పేరును బట్టో తేలదు. డిస్టార్షన్‌కి ముందు బాస్‌ని, అంటే కింది ఫ్రీక్వెన్సీల్ని, ఎంత కోస్తోంది, తర్వాత ఎంత తిరిగిస్తోంది, అదంతా ఏ స్పీకర్‌లోంచి బయటికొస్తోంది అన్నవి చూడాలి. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు వోల్టేజీ సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి.

మెటల్ వాయించేవాళ్లు ట్యూబ్ యాంప్ కోసం వెతకడం మొదలుపెట్టగానే ఒకదానికొకటి పొసగని సలహాలు ఎదురవుతాయి. 100 వాట్లు లేకపోతే మెటల్ కాదని ఒకరంటే 15 వాట్లు చాలని ఇంకొకరంటారు. 6ఎల్6 ట్యూబులుంటేనే బిగువు వస్తుందని కొందరు, ఈఎల్34 లేకపోతే కరుకుదనం ఉండదని కొందరు. గెయిన్ (ప్రీయాంప్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎంత ఎక్కువుంటే అంత మంచిదనే మాట ఎలాగూ ఉంది. వీటిల్లో పూర్తి అబద్ధం ఏదీ లేదు, కాకపోతే ఒక్కో మాట ఒక్కో కాలంలో, ఒక్కో రకం సర్క్యూట్‌ని చూసి పుట్టింది. ఏ మాట దేని గురించో తెలియకుండా అన్నీ కలిపేసుకుంటే లక్షలు పోసి కొన్న యాంప్ కూడా బ్యాండ్‌లో వినిపించకుండా పోతుంది.

## శబ్దం ఎక్కడ పుడుతుంది

పాత వాల్వు రేడియోల్లో వెలిగే గాజు ట్యూబులే గిటార్ యాంప్‌లోనూ ఉంటాయి. సిగ్నల్ మొదట ప్రీయాంప్‌లోకి వెళ్తుంది. అక్కడ చిన్న 12ఏఎక్స్7 ట్యూబులుంటాయి, యూరప్‌లో వీటినే ఈసీసీ83 అంటారు. ఒక్కో గాజు బుడ్డిలో రెండేసి ట్రయోడ్‌లు, అంటే ఒక్క ట్యూబుతో రెండు గెయిన్ స్టేజీలు, సిగ్నల్‌ని పెంచే రెండు మెట్లు. ఆ తర్వాత సిగ్నల్‌ని ఒకదానికొకటి తలకిందులుగా ఉండే రెండు పాయలు చేసే ఫేజ్ ఇన్వర్టర్, ఆపైన ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84 లాంటి పవర్ ట్యూబులు, చివర్లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్.

వీటిలో ఏ మెట్టు దగ్గరైనా సిగ్నల్ హద్దు దాటితే తరంగం కొసలు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటాం, డిస్టార్షన్ అంటే అదే. కానీ ప్రీయాంప్‌లో క్లిప్ అవడానికీ పవర్ ట్యూబుల్లో క్లిప్ అవడానికీ చాలా తేడా ఉంది. ప్రీయాంప్‌లో ఒక స్టేజీకీ ఇంకో స్టేజీకీ మధ్య చిన్న కెపాసిటర్లు, రెసిస్టర్లు పెట్టి ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ముందుకెళ్లాలో డిజైనర్ తేల్చేయొచ్చు. పవర్ ట్యూబుల దగ్గర ఆ వెసులుబాటు తక్కువ, అక్కడ క్లిప్ అయ్యేది మొత్తం శబ్దం, బాస్‌తో సహా. బ్లూస్‌కి, పాత రాక్‌కి ఆ మెత్తదనం అందం. అరచేతి అంచుతో తీగల్ని కాస్త అదిమి వేగంగా కొట్టే (పామ్ మ్యూట్ చేసే) రిఫ్‌కి, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసకి, అదే శత్రువు.

## ఫుల్ వాల్యూమ్ నుంచి మాస్టర్ వాల్యూమ్‌కి

లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపిన జిమ్ మార్షల్, ఆయన దగ్గర పనిచేసినవాళ్లు కలిసి 1962లో తయారు చేసిన జేటీఎం45 నిజానికి అమెరికా ఫెండర్ బాస్‌మ్యాన్ సర్క్యూట్‌కి దగ్గరి చుట్టం. 1965 నాటికి 100 వాట్ల హెడ్‌లు (స్పీకర్ లేకుండా విడిగా ఉండే యాంప్‌లు) వచ్చాయి. వాటికి మాస్టర్ వాల్యూమ్ లేదు, డిస్టార్షన్ కావాలంటే వాల్యూమ్ మొత్తం పెంచాల్సిందే. బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ లేనీ యాంప్ వాడుతూ, దాని ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్ పెట్టాడు. ఈ చిన్న పెట్టె సంగతి గుర్తుపెట్టుకోవాలి, మెటల్ గిటార్ కథంతా ఒక రకంగా దాని చుట్టూనే తిరుగుతుంది: యాంప్‌లోకి వెళ్లకముందే బాస్ తగ్గించి పైఫ్రీక్వెన్సీలను తోసేయడం. రేకుల ఫ్యాక్టరీలో వేళ్ల కొనలు పోగొట్టుకున్న అయోమీ 1971 నాటికి తీగలు వదులు చేసి సి షార్ప్ దాకా దించాడు. ట్యూనింగ్ కిందికి వెళ్లేకొద్దీ బాస్ సమస్య పెద్దదవుతుందని అప్పటి నుంచీ ప్రతి తరమూ మళ్లీ మళ్లీ తెలుసుకుంటూనే ఉంది.

మార్షల్ 1975లో 2203 అనే మాస్టర్ వాల్యూమ్ హెడ్ తెచ్చింది. అదే 1981లో జేసీఎం800 పేరుతో కొత్త రూపంలో వచ్చింది. ఇప్పుడు ప్రీయాంప్‌ని విడిగా క్లిప్ చేసి, తర్వాత మాస్టర్‌తో శబ్దం తగ్గించుకోవచ్చు. 80ల థ్రాష్ మెటల్‌లో (మెటల్‌లోనే బాగా వేగమైన శాఖ) చాలా భాగం ఈ యాంప్‌తోనే వచ్చింది. అయితే జేసీఎం800 గెయిన్ ఈనాటి లెక్కలో తక్కువే, ముందు సిగ్నల్‌ని పెంచే బూస్ట్ పెడల్ ఒకటి లేకుండా చాలామంది వాయించలేదు.

కాలిఫోర్నియాలో ర్యాండల్ స్మిత్ మీసా బూగీ పేరుతో గెయిన్ స్టేజీలు వరసగా పేర్చే పద్ధతిని 70ల్లోనే మొదలుపెట్టాడు. 80ల మధ్యలో వచ్చిన మార్క్ 2సీ ప్లస్ మెటాలికా బ్యాండ్ చేతిలో పడి ఆ దశాబ్దపు థ్రాష్ శబ్దానికి కొలమానం అయింది. 1987లో మైక్ సోల్డానో ఎస్‌ఎల్ఓ-100 తెచ్చాడు, ఆ తర్వాత వచ్చిన హై గెయిన్ యాంప్‌లలో చాలావాటికి అదే మూలం. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలన్ కోసం పీవీ కంపెనీ చేసిన 5150 1992లో మార్కెట్‌లోకి వచ్చింది. అది రాక్ గిటారిస్టు కోసం చేసిన యాంప్, కానీ మెషీన్ హెడ్ లాంటి మెటల్ బ్యాండ్లు దాన్ని సొంతం చేసుకున్నాయి. వాన్ హేలన్ తమని వదిలి వెళ్లాక పీవీ దానికే 6505 అని పేరు మార్చింది. 90ల మొదట్లోనే వచ్చిన మీసా డ్యుయల్ రెక్టిఫయర్ ఆ దశాబ్దం చివర్లో న్యూ మెటల్ బ్యాండ్ల వెనక గోడలా నిలబడింది.

ఇప్పుడు దుకాణాల్లో కనిపించే మెటల్ యాంప్‌లలో ఎక్కువ శాతం ఈ నాలుగు కుటుంబాల్లో ఏదో ఒకదానికి చెందినవే: మార్షల్, మార్క్, సోల్డానో-5150, రెక్టిఫయర్. రెక్టిఫయర్ ప్రీయాంప్‌కీ సోల్డానోకీ కూడా పోలికలు గట్టిగానే ఉన్నాయి. కొత్త యాంప్ పేరు వినగానే ఇది ఏ కుటుంబం అని ఆరా తీస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

## బాస్ ఎందుకు ముద్దయిపోతుంది

గిటార్ కింది ఈ తీగ 82.4 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాన్ని డి దాకా దించితే (డ్రాప్ డి) 73.4, ఏడు తీగల గిటార్‌లో కింది బి 61.7, ఎనిమిది తీగలదైతే ఎఫ్ షార్ప్ దగ్గర 46 హెర్ట్జ్. కింది నోట్ల తరంగం పెద్దది, ఎక్కువ ఓల్టేజీ తినేస్తుంది. క్లిప్పింగ్ మొదలయ్యే హద్దు దగ్గరికి ముందు చేరేది అదే. అది హద్దు తాకి ఆగిపోయిన ప్రతి క్షణంలో దాని మీద ఎక్కి వస్తున్న పైనోట్లు కూడా ఆగిపోతాయి. ఇరుకు వంతెన మీద లారీ అడ్డంగా నిలబడితే వెనక స్కూటర్లు కూడా నిలిచిపోయినట్టు.

రెండో సంగతి, రెండు నోట్లు కలిసి క్లిప్ అయితే వాటి కూడికలు, తేడాలు కొత్త నోట్లుగా పుడతాయి. పవర్ కార్డ్ తీసుకుందాం. కింది ఈ 82.4, దాని మీది బి 123.5. తేడా 41 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఒక ఆక్టేవ్ కింది ఈ. అందుకే డిస్టార్షన్‌లో పవర్ కార్డ్ అంత బరువుగా వినిపిస్తుంది, అక్కడ లేని కింది నోటు నిజంగానే తయారవుతోంది. అదే ఈ మీద జి షార్ప్ కలిపి మేజర్ థర్డ్ వాయిస్తే తేడా 21 హెర్ట్జ్ చిల్లర వస్తుంది, అది శ్రుతిలో కూడా సరిగ్గా పడదు. శబ్దం ముద్దవుతుంది. మెటల్‌లో పవర్ కార్డులే ఎందుకు రాజ్యమేలుతున్నాయో చెప్పడానికి సగం జవాబు ఇందులోనే ఉంది.

మూడోది చాలామంది వినే ఉంటారు, పేరు తెలిసి ఉండకపోవచ్చు: బ్లాకింగ్. గట్టిగా పామ్ మ్యూట్ చేసినప్పుడు ట్యూబులో సిగ్నల్ అందుకునే గ్రిడ్‌లోకి కాస్త కరెంటు పారి, స్టేజీల మధ్య కెపాసిటర్ ఛార్జ్ అయిపోతుంది. అది ఖాళీ అయ్యేదాకా ట్యూబు సరిగ్గా పనిచేయదు, శబ్దం ఒక్క క్షణం గుటక వేసినట్టు మింగేసి మళ్లీ వస్తుంది. కెపాసిటర్ పెద్దదైతే కోలుకోవడానికి ఎక్కువ సమయం. నిమిషానికి 200 బీట్ల వేగంలో పదహారో నోట్లు కొడుతుంటే నోటుకీ నోటుకీ మధ్య 75 మిల్లీసెకన్లే ఉంటుంది, కోలుకునే వ్యవధి లేకపోతే నోట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మంచి మెటల్ యాంప్‌లలో స్టేజీల మధ్య చిన్న కెపాసిటర్లు, గ్రిడ్ ముందు పెద్ద రెసిస్టర్లు కనిపించడానికి కారణం ఇదే.

అందుకే గెయిన్ నాబ్ పదికి తిప్పితే బరువు పెరగడం లేదని, తగ్గిస్తేనే రిఫ్ స్పష్టంగా దెబ్బ కొడుతోందని వాయించేవాళ్లకి అనుభవంలో తెలిసొస్తుంది. రికార్డింగుల్లో విన్న ఆ రాక్షస శబ్దం వెనక ఉన్న గెయిన్ చాలాసార్లు మనం ఊహించినదానిలో సగమే, దాని మీద రెండు మూడు ట్రాకులు పేర్చి, బాస్ గిటార్‌తో కింది భాగం నింపుతారు.

## బాస్ కోయడానికి రెండు దారులు

మీసా మార్క్ పద్ధతిలో టోన్ నాబ్‌లు డిస్టార్షన్‌కి ముందు ఉంటాయి. బాస్ నాబ్ ఇక్కడ పెంచితే ఆ బాస్ అంతా వెళ్లి గెయిన్ స్టేజీల్లో పడి ముద్దవుతుంది, అందుకే మార్క్ వాడేవాళ్లు బాస్‌ని సున్నా, ఒకటి దగ్గరే ఉంచుతారు. మొదటిసారి ముట్టుకున్నవాళ్లకి యాంప్ పాడైందేమో అనిపించేంత సన్నగా మోగుతుంది. డిస్టార్షన్ అయ్యాక ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే ఐదు స్లైడర్ల గ్రాఫిక్ ఈక్యూ ఉంటుంది: 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్. 80ని పైకి, 750ని కిందికి లాగి 'వి' ఆకారం చేస్తే పోయిన బాస్ తిరిగొస్తుంది, ఈసారి క్లిప్ అవకుండా, శుభ్రంగా. ముందు కోసి తర్వాత కలపడం అనే సూత్రం ఇంత విడమరిచి కనిపించే యాంప్ మరోటి లేదు.

సోల్డానో, 5150, రెక్టిఫయర్, మార్షల్ పద్ధతిలో టోన్ నాబ్‌లు డిస్టార్షన్ తర్వాతే. ఇక్కడ బాస్ పెంచితే లావు పెరుగుతుందే తప్ప ముద్దవడం తక్కువ. కానీ లోపలికి వెళ్లే బాస్‌ని తగ్గించడానికి ముందువైపు నాబ్ లేదు. ఆ లోటు తీర్చేదే ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఆకుపచ్చ పెడల్. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పైకి, టోన్ మధ్యలో పెట్టి యాంప్ ముందు ఉంచితే 720 హెర్ట్జ్ కిందిభాగం వెనక్కి తగ్గి మధ్యభాగం ముందుకొస్తుంది. అప్పటిదాకా వదులుగా ఉన్న రెక్టిఫయర్ ఒక్కసారిగా బిగుస్తుంది. రెక్టిఫయర్ బాగోలేదని అమ్మేసేవాళ్లలో చాలామంది ఈ ఒక్క పెడల్ పెట్టి చూడలేదనే చెప్పాలి. అయోమీ ట్రెబుల్ బూస్టర్ చేసిన పనికీ దీనికీ సూత్రంలో తేడా లేదు.

కొనే ముందు ఈ లెక్క వేసుకోవాలి. మార్క్ కుటుంబం కొంటే పెడల్ లేకుండా బిగువు వస్తుంది, కానీ నాబ్‌లు అర్థం చేసుకోవడానికి ఓపిక కావాలి. మిగతావాటికి పెడల్ ఖర్చు కూడా కలుపుకోవాలి, యాంప్ ధర ముందు అది చిన్నదే.

ఇదే చోట ఇంకో సూక్ష్మం. సోల్డానో సర్క్యూట్‌లో ఒక స్టేజీ క్యాథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) దగ్గర 39 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. మామూలు స్టేజీల్లో అది మూడు కిలో ఓమ్‌ల లోపే. అంత పెద్ద రెసిస్టర్ పెట్టడం వల్ల ట్యూబు దాదాపు ఆఫ్ అయ్యే అంచున కూర్చుంటుంది, తరంగంలో ఒక సగాన్ని గట్టిగా కోసేస్తుంది, ఇంకో సగాన్ని వదిలేస్తుంది. దీన్నే కోల్డ్ క్లిప్పర్ అంటారు. 2203లో ఇదే పని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చేస్తుంది, కాస్త సౌమ్యంగా. 5150 తరహా గరుకు, రంపం కోతలాంటి ఆ అంచు ఎక్కడి నుంచి వస్తుందంటే ప్రధానంగా ఇక్కడి నుంచే. ప్రీయాంప్ ట్యూబు బ్రాండు మారిస్తే వచ్చే తేడా దీని ముందు చాలా చిన్నది.

## పవర్ ట్యూబులు, వాట్లు

ఈఎల్34లో మధ్యభాగం ముందుకొస్తుందనీ, 6ఎల్6లో కింది భాగం గట్టిగా ఉంటుందనీ చెప్పే మాట స్థూలంగా నిజమే. కానీ పవర్ విభాగాన్ని శుభ్రంగా నడుపుతున్నప్పుడు ఆ తేడా తగ్గిపోతుంది. అంతకంటే ఎక్కువ ప్రభావం చూపేది నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే ఔట్‌పుట్ నుంచి కొంత సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి పవర్ విభాగాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు. ప్రెజెన్స్ నాబ్ ఆ అదుపుని పైఫ్రీక్వెన్సీల దగ్గర సడలిస్తుంది, రెజొనెన్స్ లేదా డెప్త్ నాబ్ కింది ఫ్రీక్వెన్సీల దగ్గర. పామ్ మ్యూట్ చేసినప్పుడు క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె, పొట్టిగా క్యాబ్) నుంచి గుండెకి తగిలే ఆ 'ధమ్' చాలావరకు రెజొనెన్స్ నాబ్ చలవే. మెటల్ కోసం చూస్తున్న యాంప్‌లో ఈ నాబ్ ఉందో లేదో చూడటం ట్యూబు పేరు చూడటం కంటే ముఖ్యం.

మీసా రెక్టిఫయర్‌లో ఏసీ కరెంటుని డీసీగా మార్చే పనికి ట్యూబ్, డయోడ్ రెండిట్లో ఒకటి ఎంచుకునే స్విచ్ ఉంటుంది. ట్యూబ్ పెడితే గట్టిగా కొట్టినప్పుడు పవర్ సప్లయ్ కాస్త కుంగి మెత్తగా స్పందిస్తుంది. వేగం కావాలంటే డయోడ్ వైపు పెట్టాలి.

ఇక వాట్లు. 100 వాట్లకీ 50 వాట్లకీ తేడా 3 డెసిబెల్‌లే, చెవికి 'కొంచెం ఎక్కువ' అనిపించే పాటి. శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే పవర్ పది రెట్లు పెరగాలి. సాధారణ గిటార్ స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్‌ల దాకా మోగుతుంది. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు తలుపు కొట్టడానికి అది చాలా ఎక్కువ.

మరి 100 వాట్లు ఎందుకు? మెటల్ డ్రమ్స్ పక్కన 110 డెసిబెల్ దాటడం మామూలు. ఆ స్థాయిలో కింది నోట్లు క్లిప్ అవకుండా రావాలంటే పవర్ విభాగానికి ఊపిరి మిగిలి ఉండాలి. 15 వాట్ల ఈఎల్84 యాంప్ కూడా డ్రమ్స్‌ని అందుకోగలదు, కానీ అందుకునే సమయానికి దాని పవర్ ట్యూబులు నలిగిపోతుంటాయి, బాస్ మెత్తబడుతుంది. బ్లూస్ వాయించేవాళ్లు చిన్న యాంప్ కొని ఫుల్ వాల్యూమ్‌లో వాయించమనే సలహా మెటల్‌కి తలకిందులయ్యేది ఇక్కడే.

ఇంట్లో, రికార్డింగ్‌కి మాత్రమే అయితే ఈవీహెచ్ 5150 త్రీ ఎల్‌బీఎక్స్ లాంటి 15 వాట్ల హెడ్, లేదా పీవీ 6505 ఎంహెచ్ లాంటి 20 వాట్లది సరిపోతుంది, పెద్దవాటి ప్రీయాంప్ పోలికలు వీటిలో ఉన్నాయి. బ్యాండ్‌తో జామ్ రూమ్‌కి, స్టేజీకి వెళ్లేవాళ్లకి 50 వాట్ల 6ఎల్6 లేదా ఈఎల్34 హెడ్ తూకంగా ఉంటుంది. ఏడు తీగలు, ఎనిమిది తీగలు వాయిస్తూ పెద్ద స్టేజీలు ఎక్కేవాళ్లకి 100 వాట్ల అవసరం నిజమైనదే. మిగతావాళ్లకి అది అదనపు బరువు మెట్ల మీద మోయడమే అవుతుంది.

## స్పీకర్‌కి డబ్బు మిగుల్చుకోవాలి

యాంప్ మీదే బడ్జెట్ అంతా పెట్టేసి దొరికిన క్యాబ్‌కి తగిలించడం చాలా మామూలుగా జరిగే పని. నిజానికి డిస్టార్షన్ చేసిన సిగ్నల్‌ని నేరుగా వింటే కందిరీగల తుట్టెలా ఉంటుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన వేగంగా పడిపోవడం వల్లే అది వినదగ్గ శబ్దం అవుతోంది. స్పీకర్ మారితే శబ్దం మారినంతగా ట్యూబులు మారిస్తే మారదు.

మెటల్‌లో ఎక్కువగా కనిపించేది సెలెస్టియన్ వింటేజ్ 30. 60 వాట్లు తట్టుకుంటుంది, మధ్యభాగం పైన ఒక గట్టి ఉబ్బు ఉంటుంది, బ్యాండ్‌లో గిటార్ తప్పిపోకుండా నిలబెట్టేది అదే. ఒంటరిగా వింటే కొందరికి అది చెవిలో గుచ్చుకుంటుంది. 80ల మార్షల్ క్యాబ్‌లలో వచ్చిన జి12టీ-75లో మధ్యభాగం లోపలికి ఉండి బాస్, ట్రెబుల్ బయటికొస్తాయి. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, నాలుగు కలిపినా 100 వాట్లే, 100 వాట్ల హెడ్‌ని గట్టిగా నడిపితే కాలిపోయే ప్రమాదం ఉంది. వెనక పూర్తిగా మూసిన క్యాబ్ కావాలి, వెనక తెరిచి ఉండే కాంబోల్లో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) బాస్ బిగువు రాదు. నాలుగు స్పీకర్ల క్యాబ్‌కి చోటు లేకపోతే రెండు వింటేజ్ 30లున్న మూసిన క్యాబ్ చాలా పనులు చేసిపెడుతుంది.

ఇంపిడెన్స్ విషయంలో రాజీ లేదు. క్యాబ్ 8 ఓమ్‌లైతే హెడ్ వెనక 8 ఓమ్‌ల సాకెట్‌కే పెట్టాలి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ని మోగిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది, యాంప్‌లో ఖరీదైన భాగాల్లో అదొకటి. హెడ్‌కీ క్యాబ్‌కీ మధ్య గిటార్ వైరు వాడకూడదు, స్పీకర్ వైరే వాడాలి. రాత్రిళ్లు హెడ్‌ఫోన్‌లో వాయించాలనుకుంటే స్పీకర్‌లా ఆ పవర్‌ని తీసుకునే లోడ్ బాక్స్ తగిలించి, స్పీకర్ బదులు ఐఆర్ (స్పీకర్ స్వభావాన్ని నమోదు చేసిన డిజిటల్ ఫైలు) వాడుకోవచ్చు.

## కరెంటు, ఎర్తింగ్, ట్యూబుల సరఫరా

అమెరికాలో ఉన్న బంధువులో స్నేహితులో వస్తూ వస్తూ యాంప్ తెచ్చిపెట్టడం తెలుగు ఇళ్లల్లో అరుదేం కాదు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్ మార్చి పెట్టేస్తే ఫ్యూజుతో పోతే అదృష్టం, లేకపోతే పవర్ ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. కొన్ని మోడళ్లలో వోల్టేజీ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. వెనక ప్లేటు మీద ఏం రాసుందో కొనకముందే ఫొటో తెప్పించుకుని చూడాలి. లేనివాటికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 100 వాట్ల హెడ్ గోడ నుంచి లాగేది 300, 400 వాట్ల దాకా ఉండొచ్చు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ 500 వీఏకి తగ్గకూడదు. ప్రయాణాలకని అమ్మే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు. 60 హెర్ట్జ్‌కే లెక్కగట్టి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

వోల్టేజీ ఎక్కువతక్కువలవుతుండే చోట స్టెబిలైజర్ పెట్టడం మంచిది, ట్యూబు హీటర్‌కి 6.3 వోల్టులు నిలకడగా అందాలి. ఎర్తింగ్ సరిగ్గా లేని పాత భవనాల్లో హై గెయిన్ యాంప్ గుంయ్‌మని మోగుతూనే ఉంటుంది, ఆ మోత నాయిస్ గేట్‌తో (వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేసే పరికరం) దాచిపెట్టే సంగతి కాదు, ప్రాణాలకి సంబంధించినది. యాంప్ లోపల 450 వోల్టుల పైనే ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. తెలియనివాళ్లు మూత తీయకూడదు.

ట్యూబులు ఇప్పుడు పెద్ద ఎత్తున తయారయ్యేది ప్రధానంగా రష్యాలోని సరాతోవ్, స్లొవేకియాలోని జేజే ఫ్యాక్టరీ, చైనాల్లోనే. 2022 మార్చిలో రష్యా ఎగుమతులకి అడ్డంకి రాగానే కొన్ని రకాలు దొరక్కుండా పోయి ధరలు పెరిగాయి. కాబట్టి నాలుగు పవర్ ట్యూబుల యాంప్‌కీ రెండు ట్యూబుల యాంప్‌కీ నిర్వహణ ఖర్చులో తేడా ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి. బయాస్ సంగతి, అంటే పవర్ ట్యూబుల్లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక సంగతి కూడా అడగాలి. మార్షల్ తరహావాటిలో పవర్ ట్యూబులు మార్చినప్పుడల్లా బయాస్ సరిచేయించాలి. మీసా, పాత పీవీ 5150ల్లో బయాస్ స్థిరంగా ఉంటుంది, సరైన గ్రేడు ట్యూబులు తెచ్చి పెట్టుకుంటే సరిపోతుంది. ట్యూబ్ యాంప్ తెలిసిన మెకానిక్ దగ్గర్లో లేని ఊళ్లలో ఇది చిన్న సౌలభ్యం కాదు.

## మోడలర్లు ఉండగా ట్యూబ్ ఎందుకు

యాంప్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే మోడలర్లు, అంటే కెంపర్, యాక్స్ ఎఫ్ఎక్స్, క్వాడ్ కార్టెక్స్ లాంటివి వచ్చాక ఈ ప్రశ్న న్యాయమైనదే. స్వీడన్ మెటల్ బ్యాండ్ మెషుగ్గా 2000ల్లోనే డిజిటల్ మోడలింగ్‌కి మళ్లింది. మెటాలికా 2013లో అంటార్కిటికాలో యాంప్‌ల మోత బయటికి రాకుండా, వినేవాళ్లకి హెడ్‌ఫోన్లిచ్చి వాయించింది. అంతకుముందే పాంటెరా గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ ట్రాన్సిస్టర్ యాంప్‌తో తన పేరుమోసిన శబ్దం తెచ్చాడు. మెటల్‌కి ట్యూబు తప్పనిసరి అనే వాదన చరిత్రలోనే నిలబడదు. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్లకి ట్యూబ్ హెడ్‌తో వచ్చేదానికి చాలా దగ్గరి ఫలితం వస్తుంది.

ట్యూబ్ హెడ్, క్యాబ్ గెలిచేది గదిలో. స్పీకర్ ఇంపిడెన్స్‌కి పవర్ విభాగం స్పందించే తీరు, ఆ శబ్దం మళ్లీ తీగల్ని కదిలించి ఫీడ్‌బ్యాక్‌గా మారే తీరు వాయించేవాళ్ల చేతికి తెలుస్తాయి. బాగా చూసుకుంటే ఇరవై ముప్ఫై ఏళ్లు బాగుచేయించుకుంటూ వాడుకోవచ్చు కూడా. ఎక్కువగా హెడ్‌ఫోన్‌లో, కంప్యూటర్‌లో వాయించేవాళ్లకి మాత్రం ఆ డబ్బు మోడలర్ మీదో గిటార్ మీదో పెట్టడమే తెలివైన పని.

## వాయించి చూసేటప్పుడు

దుకాణంలో లీడ్ వాయించి చూస్తే దాదాపు ప్రతి హై గెయిన్ యాంపూ బాగానే ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ తేలదు. సొంత గిటార్, సొంత ట్యూనింగ్‌తో వెళ్లాలి. గెయిన్ సగం, బాస్, మిడ్, ట్రెబుల్ సగం, రెజొనెన్స్ కాస్త పైకి. కింది తీగ మీద పామ్ మ్యూట్ చేస్తూ ఆగి ఆగి కొట్టాలి, ఆపిన ప్రతిసారీ శబ్దం టక్కున ఆగుతోందా, తోక మిగులుతోందా వినాలి. తర్వాత అదే రిఫ్‌ని మాస్టర్ పెంచి డ్రమ్స్ స్థాయి దగ్గర వాయించాలి. తక్కువ వాల్యూమ్‌లో బిగువుగా ఉండి పెంచగానే బాస్ వదులైతే పవర్ విభాగమో స్పీకరో చాలడం లేదని అర్థం. రెండు చోట్లా వదులుగానే ఉంటే సమస్య ప్రీయాంప్‌ది, ముందు బూస్ట్ పెడల్ పెట్టి మళ్లీ వినాలి. మిడ్ నాబ్‌ని సున్నాకి దించి కొనే నిర్ణయం తీసుకోవద్దు, గదిలో ఒంటరిగా భారీగా వినిపించే ఆ శబ్దం సింబల్స్, బాస్ గిటార్ మధ్యలో కనపడకుండా పోతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే పవర్ ట్యూబుల ప్లేట్లు ఎర్రగా కాలుతున్నాయేమో చూడాలి, నాబ్‌లు తిప్పుతూ గరగర వస్తోందేమో వినాలి, ప్రతి ఛానెల్, ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెడల్స్ తగిలించే సాకెట్లు) పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. అరగంట ఆన్‌లో ఉంచి వేడెక్కాక కూడా అదే రిఫ్ అదే బలంతో వస్తోందంటే అప్పుడు బేరం మొదలుపెట్టొచ్చు.